అమ్మ అడుగు చూడాలంటే అమ్మే రావాలి

ఒక పెద్ద అడవిలో, ఈ చివర పుట్టినవాళ్ళు ఆ చివర చూడకుండానే ముసలివాళ్ళైపోయేంత పెద్ద అడవిలో, ఒక గుహ నిండా మట్టి పలకలు ఉండేవి.

ఆ అడవిలో కాగితాలు లేవు, సంతకాలు లేవు. నలుగురూ కూర్చుని ఏదైనా మాట అనుకుంటే తడిమట్టి తెచ్చి రొట్టెలాగా తట్టేవాళ్ళు. అనుకున్న మాట ఏమిటో ముళ్ళపంది తన ముల్లుతో దానిమీద బొమ్మ గీసేది. ఆ మాటకి కట్టుబడేవాళ్ళు వచ్చి తలా ఒక అడుగు వేసేవాళ్ళు. ఎండబెట్టి గుహలో పెట్టేవాళ్ళు. ఇక ఆ మాట తప్పడానికి లేదు.

దానికి తాతలనాటి చట్టం ఒకటుంది. ఎవరైనా సరే, చీమైనా సరే, వచ్చి ఫలానా పలక చూడాలి అంటే మూడు పొద్దుల్లో దాన్ని బయటికి తెచ్చి ఎండలో పెట్టి చూపించాలి. ఎందుకు అని అడగకూడదు.

నూకాలమ్మ అనే ఉడుముకి ఈ చట్టంతో ఏనాడూ పని పడలేదు. వాగు ఒడ్డున పుట్టలో ఉండేది. ఎవరి జోలికీ పోయేది కాదు. దేవుడు రెండు చీలికల నాలుక ఇచ్చాడే గానీ, నలుగురిలో నిలబడితే ఏ చీలిక మీద నుంచీ మాట జారేది కాదు. దారిలో ఎవరైనా ఎదురైతే తనే పక్కకి తప్పుకుని, వాళ్ళు దూరం పోయాక "బాగున్నారా అండీ" అని గొణుక్కునేది.

అలాంటి నూకాలమ్మకి ఆ ఎండాకాలం పని పడింది.

వాగు ఎండిపోతే ఇసుకలో గుంట తవ్వుకుంటారు, అందులో నీరు ఊరుతుంది. అదే చెలమ. ఆ వాగు మొత్తానికి చెలమ ఒక్కటే. చిన్న ప్రాణులన్నీ ఆ నీళ్ళే తాగేవి. ఒకరోజు పొద్దున్నే నూకాలమ్మ వెళ్ళేసరికి కోరయ్య అనే అడవిపంది చెలమ నిండా పడుకుని ఉన్నాడు. నిండా అంటే నిండానే. నీళ్ళకి చోటు లేదు.

"ఏమే ఉడుమూ, ఎక్కడికి?"

"నీళ్ళకండీ."

"నీళ్ళెక్కడివి? ఇది నా పొర్లుగుంట. సభవాళ్ళు నాకిచ్చారు. కావాలంటే పలక ఉంది."

"మా అమ్మ ఉన్నప్పుడు అందరిదీ అనేవారండీ..."

"మీ అమ్మ ఉన్నప్పటి సంగతి పోయి మీ అమ్మని అడుగు" అని కోరయ్య ఇంకో పక్కకి పొర్లాడు. మిగిలిన నాలుగు చుక్కలూ బురదైపోయాయి.

ఆ రోజు నుంచి చిన్న ప్రాణులు పెద్దేటికి పోవాల్సి వచ్చింది. పెద్దేట్లో నీళ్ళున్నాయి, మొసలి కూడా ఉంది. మూడో రోజున పక్క పొదలో ఉండే కుందేలు అప్పాయమ్మ చిన్నకూతురు తోక లేకుండా తిరిగొచ్చింది.

"కుందేలుకి ఉండేదే బెత్తెడు తోక వదినా! అదీ పోయింది. రేపు ఏం పోతుందో?" అని అప్పాయమ్మ పుట్ట ముందు కూలబడి ఏడ్చింది. "చెలమ పలక మీద మొదటి అడుగు మీ అమ్మదే కదా. నువ్వెళ్ళి ఆ పలక అడుగు. నాకు గుహంటే భయం."

"నాకు గుహంటే భయం లేదు వదినా. గుహ ముందు కూర్చునేవాళ్ళంటేనే."

అయినా వెళ్ళింది. దారిలో చెప్పాల్సిన మాట వందసార్లు అనుకుంటూ వెళ్ళింది.

గుహకి కాపలా ముళ్ళపంది సోములు. తాత, తండ్రి, అతనూ అదే కొలువు. ఎవరైనా వస్తే ముందు ముళ్ళు నిక్కబొడిచేవాడు, తర్వాత వచ్చిందెవరో చూసేవాడు.

"చెలమ పలకండీ" అంది నూకాలమ్మ. వంద మాటల్లో ఆ ఒక్కటే బయటికొచ్చింది.

"ఎందుకు?" అన్నాడు సోములు. అని నాలిక్కరుచుకున్నాడు. "అడగకూడదులే. ఊరికే అన్నాను. మూడో పొద్దుకి రా."

నూకాలమ్మ ఇటు తిరగ్గానే సోములు అటు పరిగెత్తాడు. ఎటంటే, సభపెద్ద భూషయ్య దగ్గరికి.

భూషయ్య ఎలుగుబంటి. మంచివాడే. ఎవరేమడిగినా "చూద్దాం" అనేవాడు. చూసేవాడు కాదు, అంతే. అతనికి కోరయ్య రోజూ తీపి దుంపలు తవ్వి తెచ్చిపెట్టేవాడు. ఆ దుంపలు నోట్లో ఉన్నంతసేపూ భూషయ్యకి కోరయ్య మీద ఏ తప్పూ కనిపించేది కాదు.

"చెలమ పలకా?" అన్నాడు భూషయ్య, దుంప మింగుతూ. "అది బయటపెడితే కోరయ్య నొచ్చుకుంటాడే. శేషయ్యని పిలవండి."

శేషయ్య కొంగ. ఆ అడవికి చట్టాలు కట్టేది అతనే. ఎప్పుడూ ఒంటికాలి మీద నిలబడేవాడు. రెండో కాలు ఎటు వేస్తాడో ఎవరికీ తెలిసేది కాదు.

శేషయ్య కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, "పలక దాచాం అంటే జనం ఊరుకోరు. చట్టాన్ని బాగుచేశాం అంటే చప్పట్లు కొడతారు" అన్నాడు.

మర్నాడే సభ పెట్టారు. అడవి అంతా వచ్చింది. నూకాలమ్మ అందరి వెనకా ఒక బండ చాటున కూర్చుంది.

"అయ్యల్లారా, అమ్మల్లారా!" అన్నాడు శేషయ్య. "మన పలకల చట్టం పాతబడిపోయింది. తాతలు కట్టింది. తాతలకేం తెలుసు? మీ అడుగు మీది కాదా? మీ అడుగుని దారినపోయే ప్రతివాడూ వచ్చి చూడొచ్చా? మీ కాలి పగుళ్ళు, మీ గోళ్ళ వంకర్లు అందరికీ తెలియాలా?"

"వద్దు! వద్దు!" అని అడవి అంతా అరిచింది. తమ గోళ్ళు వంకరగా ఉన్నాయని వాళ్ళకి అప్పుడే తెలిసింది.

"అందుకే చట్టాన్ని మెరుగుపరుస్తున్నాం. పలక ఎవరైనా చూడొచ్చు. ఇప్పటికీ చూడొచ్చు! కాకపోతే, ఆ పలక మీద ఎవరెవరి అడుగులున్నాయో వాళ్ళందరూ స్వయంగా గుహ దగ్గరికి వచ్చి ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా చూపించినవాడు ఒక ఏడాది అడవి బయట ఉండాలి. గాలికి పలకలు పాడవకుండా గుహకి ఒక బండ కూడా అడ్డం పెడుతున్నాం."

అప్పాయమ్మ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. "చూశావా వదినా, కుందేలు అడుగుకి కూడా మర్యాద వచ్చింది!" అని వెనక్కి తిరిగి కేకేసింది.

అడుగు వేసినవాళ్ళు చచ్చిపోతే ఎలాగండీ, అని నూకాలమ్మకి అడగాలనిపించింది. నాలుక బయటికొచ్చింది, లోపలికి పోయింది. మళ్ళీ బయటికొచ్చింది. ఈలోపల తడిమట్టి తెచ్చారు, రొట్టె తట్టారు, సభవాళ్ళు అడుగులు వేసేశారు. నూకాలమ్మ నాలుక లోపలే ఉండిపోయింది.

మూడో పొద్దుకి గుహ దగ్గరికి వెళ్ళింది. గుహకి ఏనుగు తలకాయంత బండ అడ్డం ఉంది. బండ ముందు సోములు ఉన్నాడు.

"కొత్త చట్టం వచ్చిందమ్మా."

"నేను అడిగినప్పుడు పాతదే ఉందండీ."

"అడిగింది పాత చట్టంలో. వచ్చింది కొత్త చట్టంలోకి. ఆ పలక మీద ఉన్న మిగతా అందరూ ఒప్పుకుంటారు, నాకు తెలుసు. ఇద్దరి ఒప్పుదలే కష్టం. ఒకటి కోరయ్యది, ఆయన అడుగు కూడా ఉంది దానిమీద. రెండోది మీ అమ్మది."

"మా అమ్మ పోయి నాలుగేళ్ళయింది బాబూ."

"పోయినవాళ్ళు రానక్కర్లేదని చట్టంలో లేదమ్మా. స్వయంగా రావాలి అనే ఉంది. మీ అమ్మ అడుగు చూడాలంటే మీ అమ్మే రావాలి." సోములు ఆ మాట కోపంగా అనలేదు. చేటలో బియ్యం చెరిగినట్టు మామూలుగా అన్నాడు.

నూకాలమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెలమ సంగతి సరే, అమ్మ అడుగు చూడొచ్చు కదా అని కూడా అనుకుంది లోపల్లోపల. అడుగు పక్కనే తోక ఈడ్చిన గీత ఉంటుందని అమ్మ చెప్పేది. "మట్టి తడిగా ఉందని చూసుకోలేదే, తోక కూడా సంతకం పెట్టేసింది" అని నవ్వేది.

సరే, ముందు బతికున్నవాణ్ణి అడుగుదాం అని కోరయ్య దగ్గరికి వెళ్ళింది.

"ఒప్పుకోమంటావా?" అన్నాడు కోరయ్య చెలమలోంచి. "ఒప్పుకుంటాను. నాకేం భయమా? కానీ అందులో ఏముందో మర్చిపోయాను. తెలియకుండా ఎలా ఒప్పుకుంటాను? ముందు పలక చూపించు, చూసి ఒప్పుకుంటాను."

"మీరు ఒప్పుకుంటేనే పలక చూపిస్తారటండీ."

"అదీ నిజమే" అని కోరయ్య ఎంతో బాధపడినట్టు తలూపి, కళ్ళు మూసుకుని, గురక పెట్టాడు.

నూకాలమ్మ ఇంటికి పోయి పుట్టలో ముడుచుకుంది. అప్పాయమ్మ వచ్చి పిలిచినా పలకలేదు.

ఇలా ఉండగా కొండ అవతలి నుంచి ఏనుగులొచ్చాయి.

ఏటా ఎండాకాలం ఏనుగుల మంద ఆ అడవి మీదుగా పెద్దేటికి పోతుంది. అడ్డంగా పోతే దగ్గర దారి. కానీ దగ్గర దారిలో భూషయ్య తేనెచెట్లున్నాయి. అందుకని వెనకటికి మందపెద్ద ముసలి ఏనుగు, భూషయ్య, ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఏనుగులు వెదురుపొదల వైపు నుంచి చుట్టూ తిరిగిపోతాయి. దానికి పలక ఉంది.

ఈసారి మంద ముందు ఆ ముసలమ్మ లేదు. ఆమె కూతురు మంగమ్మ ఉంది.

భూషయ్య ఎదురెళ్ళి, "అటుకాదమ్మా, వెదురుపొదల వైపు" అన్నాడు.

"ఎందుకు బాబాయ్? ఏటా ఆ చుట్టు దేనికి?"

"మీ అమ్మ మాటిచ్చింది."

"అమ్మ చలికాలంలో పోయింది. పోయేముందు మాట పడిపోయింది, నాకేమీ చెప్పలేదు" అంది మంగమ్మ. "అమ్మ అడుగు నేను గుర్తుపడతాను. పలక చూపించు. అమ్మ మాటైతే ఎంత చుట్టైనా తిరిగిపోతాం. లేదంటే పొద్దు నెత్తిమీదికి రాగానే అడ్డంగా పోతాం. పిల్లలు దాహంతో ఉన్నారు."

భూషయ్య గుహకి పరిగెత్తాడు. ఎలుగుబంటి పరిగెత్తడం ఆ అడవిలో చాలామంది అదే మొదటిసారి చూడటం.

"సోములూ! ఏనుగుల పలక తియ్యి!"

సోములు ముళ్ళు నిక్కబొడిచాడు. తర్వాత వచ్చిందెవరో చూశాడు. దించలేదు.

"దానిమీద మూడు అడుగులున్నాయండి. ముసలి ఏనుగుది, మీది, సాక్షిగా నూకాలమ్మ తల్లిది. పట్టిన మాట వదలని ఉడుమని అప్పట్లో ఆవిణ్ణి సాక్షిగా పెట్టుకున్నారు. ముగ్గురూ వచ్చి ఒప్పుకోవాలి."

"ఇద్దరు చచ్చిపోయారు కదరా!"

"మొన్న ఉడుమమ్మ కూడా అదే అందండి. ఆవిడకొక మాట, మీకొక మాట చెబితే రేపు నన్ను అడవి బయటికి పంపుతారు. చట్టం మీద ఉన్నది మీ అడుగే కదండి."

"నేను సభపెద్దని!"

"చట్టంలో పెద్దా చిన్నా లేదండి. శేషయ్యగారు ఆ రోజు అదే పనిగా చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు."

శేషయ్యని పిలిపించారు. శేషయ్య పైకి చూశాడు. పొద్దు చెట్ల కొసలు దాటింది. అతను మొదటిసారి రెండు కాళ్ళ మీదా నిలబడ్డాడు.

"చిన్న సవరణ చేద్దాం" అన్నాడు గబగబా. "చచ్చినవాళ్ళ బదులు బిడ్డలు వచ్చి ఒప్పుకోవచ్చు."

అప్పటికప్పుడు మట్టి తట్టి అడుగులు వేశారు. మంగమ్మ వచ్చి ఒప్పుకుంది. ఇక మిగిలింది నూకాలమ్మ. ఆ పుట్ట ఎక్కడుందో సభలో ఒక్కరికీ తెలియదు. అప్పాయమ్మ దారి చూపించింది.

పుట్ట ముందు సభపెద్ద, కొంగ, వెనక సగం అడవి. నూకాలమ్మ తల బయటపెట్టి చూసి మళ్ళీ లోపలికి లాక్కుంది.

"అమ్మా నూకాలమ్మా!" అన్నాడు భూషయ్య. ఆ నోట్లో అంత తేనె ఉందని ఎవరికీ తెలియదు. "మీ అమ్మ బదులు నువ్వొచ్చి ఒక్కసారి ఒప్పుకున్నానని అను తల్లీ."

పుట్టలోంచి సన్నగా ఒక మాట వచ్చింది.

"మా అమ్మే రావాలన్నారు కదండీ."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"అది నిన్నటి చట్టం. ఇవాళ మార్చాం."

"అయితే మా చెలమ పలక కూడా చూపిస్తారాండీ?"

శేషయ్య అడ్డం వచ్చాడు. "దానిమీద కోరయ్య అడుగు ఉందమ్మా. ఆయన బతికే ఉన్నాడు. ఆయన ఒప్పుకోవాలి. అది వేరే సంగతి."

నూకాలమ్మ ఇంకేమీ అడగలేదు. "సరేనండీ, వస్తాను" అంది. అప్పాయమ్మ నెత్తి కొట్టుకుంది. "అంతేనా వదినా? ఊరికే ఒప్పేసుకుంటావా?" అంది. నూకాలమ్మ తలొంచుకుని వాళ్ళ వెంట నడిచింది.

గుహ దగ్గర "ఒప్పుకున్నానండీ" అంది. బండ పక్కకి దొర్లించారు. సోములు లోపలికి పోయాడు. అతని వెనకాలే నూకాలమ్మ కూడా జారింది. నేలకి అంటుకుని నడిచేదాన్ని ఎవరు చూస్తారు?

లోపల పలకలు అట్లు పేర్చినట్టు పేర్చి ఉన్నాయి. ఒకే ఎండాకాలం చేసిన పలకలు ఒక దొంతర. ఏనుగుల పలక తన దొంతరలో అడుగున ఉంది. దాని మీద ఒకే ఒక్క పలక. ఆ పలక చుట్టూ బుల్లిబుల్లి అడుగులు. ఒక అడుగు పక్కన తోక ఈడ్చిన గీత.

నూకాలమ్మ దానిమీదికి ఎక్కింది. ముందు కాళ్ళు అటూ ఇటూ చాపి, పై పలకనీ కింది పలకనీ కలిపి అంచులు పట్టుకుంది. వెనక కాళ్ళతో కూడా పట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"లేమ్మా, కింది పలక తియ్యాలి" అన్నాడు సోములు.

లేవలేదు.

సోములు లాగాడు. భూషయ్య వచ్చి తోక పట్టుకుని లాగాడు. శేషయ్య ముక్కుతో పొడిచాడు. ఉడుముని పట్టు విడిపించడం ఎవరి తరం? లాగినకొద్దీ గోళ్ళు ఇంకా లోపలికి దిగాయి. బయట ఏనుగులు కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నూకాలమ్మా, నీకు దణ్ణం పెడతాను!"

"నాకు భయంగా ఉందండీ" అంది నూకాలమ్మ కళ్ళు తెరవకుండా. "భయం వేస్తే వదల్లేనండీ. మా వంశమే అంత."

ఇక చేసేది లేక భూషయ్య రెండు పలకల్నీ, వాటిమీద ఉడుమునీ కలిపి నెత్తికెత్తుకుని, పెళ్ళికూతురి బుట్ట మోసే మేనమామలాగా గుహలోంచి బయటికొచ్చాడు. అడవి అంతా చూసింది.

ఎండలో దించాక అప్పుడు వదిలింది నూకాలమ్మ.

మంగమ్మ ముందు కింది పలక బయటికి లాగింది. తొండంతో అమ్మ అడుగుని మెల్లగా తడిమింది. చుట్టూ తిప్పి తిప్పి తడిమింది. మంద వెనక పిల్ల ఏనుగులు కూడా గోల ఆపేశాయి.

"అమ్మదే" అంది. "చుట్టూ తిరిగే పోతాం." తర్వాత పలక మీద గీతలు చూసింది. "బాబాయ్, మా అమ్మ అడుగు పక్కన వెదురు దారి బొమ్మ ఉంది. నీ అడుగు పక్కన ముళ్ళకంప బొమ్మ ఉందేమిటి?"

భూషయ్య ఆకాశం వైపు చూశాడు.

సోములు ముందుకొచ్చి వంగి చూశాడు. "మా నాన్న గీసిందే. ఏనుగులు చుట్టూ తిరిగిపోతాయి. ఆ దారిలో కంపంతా ఏటా భూషయ్యగారు స్వయంగా కొట్టి శుభ్రం చెయ్యాలి. అదండి మాట."

"అమ్మ ఏటా కాళ్ళలో ముళ్ళు తీయించుకునేది" అంది మంగమ్మ మెల్లగా. "మనవాళ్ళేగా, పోనీలే అనేది."

అడవి అంతా భూషయ్య వైపు తిరిగింది. పలక వేసిన నాటినుంచి తొమ్మిదేళ్ళుగా అతను ఆ దారి మొహం చూడలేదు.

ఈలోపల అప్పాయమ్మ పై పలక మీదికి వంగి, "వదినా! వదినా!" అని కేకలు పెట్టింది. గుండ్రంగా చెలమ బొమ్మ. చుట్టూ ఉడుము, కుందేలు, ముంగిస, కౌజుపిట్ట, అందరి అడుగులూ. అన్నిటికన్నా లోతుగా దిగబడిన గిట్టల అడుగు కోరయ్యది. అందరితో పాటు తనూ తాగుతానని, అందులో పొర్లనని వేసిన అడుగు.

కోరయ్య జనంలోనే ఉన్నాడు. "ఇది అన్యాయం! నేను ఒప్పుకోలేదు! నా అడుగు నా పరువు!" అన్నాడు.

"నీ పరువు చాలా లోతుగా దిగింది మామా, కనపడకుండా ఎలా పోతుంది?" అంది అప్పాయమ్మ.

"చెలమ అందరిదైతే మా పిల్లలు కూడా అక్కడే గొంతు తడుపుకుంటారు" అంది మంగమ్మ. "వెదురు దారి శుభ్రమయ్యేదాకా ఎలాగూ ఆగాలి కదా." మంద వాగు వైపు కదిలింది. కోరయ్య వాళ్ళకన్నా ముందు వెళ్ళి తన సామాను, అంటే తననే, తీసేసుకున్నాడు. ఏనుగులు తొండాలతో ఇసుక తోడితే చెలమ మూడింతలైంది.

భూషయ్య సాయంత్రం దాకా ముళ్ళకంప కొట్టాడు. బొచ్చు నిండా ముళ్ళే. దూరం నుంచి చూసినవాళ్ళు సోములు అనుకున్నారు.

నూకాలమ్మ ఆ పలక పక్కనే పొద్దువాలే దాకా కూర్చుంది. అమ్మ అడుగులో తన అడుగు పెట్టి చూసుకుంది. సరిపోయింది. తోక కూడా ఆ గీత మీద ఆనించి చూసుకుంది. ఎవరైనా వస్తున్నారేమోనని మధ్యమధ్యలో అటూ ఇటూ చూసి, సిగ్గుపడి తీసేసుకుంది.

మర్నాడు మళ్ళీ సభ. శేషయ్య మళ్ళీ ఒంటికాలి మీద నిలబడి, కొత్త చట్టం అద్భుతంగా పనిచేసిందనీ, దానివల్లే ఏనుగుల గొడవ తీరిందనీ చెప్పి, దాన్ని ఇంకా మెరుగుపరచాలంటే తాతలనాటి చట్టంలాగా చెయ్యాలన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. భూషయ్య మాత్రం కొట్టలేదు. అతని అరచేతుల్లో ముళ్ళున్నాయి.

వెనక బండ చాటు నుంచి నూకాలమ్మ లేచింది. "అయ్యా, ఆ బండ కూడా తీసేస్తారాండీ?" అంది. ఈసారి పక్కవాళ్ళకి కూడా వినిపించింది.

"చూద్దాం" అన్నాడు భూషయ్య.

నూకాలమ్మ మెల్లగా నడిచి వెళ్ళి సభ మధ్యలో అతని కాలి వేలు పట్టుకుంది.

ఆ పూటే బండ తీసేశారు.

నీతి: గుహకి బండ అడ్డం పెట్టించే పెద్దలు, ముందు తమ పలక ఇంటికి తెచ్చుకుని, ఆ తర్వాతే పెట్టించాలి.